పటం వెనక్కి తిప్పండి

యువ మిత్రులకు, నమస్కారాలు.

మీరు పంపిన ‘ఆ కళ్ళు’ అనే వ్యాసం అందింది. పదకొండు పేజీల వ్యాసంలో మూడు పేజీలు, సింగపూర్ వెళ్ళి తిరిగిరాని మీ ముత్తాతగారి కళ్ళ గురించే రాశారు. ఆ కళ్ళలో మీకు భయం కనిపించింది, వియోగం కనిపించింది, మాతృభూమి మీద మమకారం కనిపించింది, చివరికి రాబోయే మృత్యువు నీడ కూడా కనిపించింది. ఏడో పేజీ అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: ‘పటం వెనుక అట్ట చిరిగిన చోట ఏవో చెరిగిపోయిన అక్షరాలు, సగం ముద్ర కనిపిస్తాయి.’ అంతటితో దాన్ని వదిలేసి మళ్ళీ కళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే. ఆ ‘ఏవో’ అన్న మాట దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి, వీధి చివరి దాకా నడిచివచ్చి, ఆ తరువాత మిగిలిన నాలుగు పేజీలు చదివాను.

నాది ఒక మూర్ఖపు పట్టు ఉంది, నలభై ఏళ్ళుగా వదల్లేదు, ఇప్పుడు వదిలే ఉద్దేశమూ లేదు. యుద్ధకాలపు ఫోటో ముందువైపు ఉన్నదంతా ఇతరుల నిర్ణయం. ఎక్కడ నిలబడాలో ఫోటోగ్రాఫర్ చెప్పాడు, ఏం తొడుక్కోవాలో సైన్యం చెప్పింది, ఏది బయటికి వెళ్ళాలో సెన్సారు చెప్పాడు, ఏ రంగు ఎంత నల్లగా పడాలో బొమ్మ పడే గాజు ప్లేటు మీది మందు చెప్పింది. వెనుకవైపు మాత్రం ఆ ఫోటోను దాచుకున్నవాళ్ళది. స్టూడియో ముద్ర, నెగెటివ్ నంబరు, సైనికుడి నంబరు, పెన్సిలుతో రాసిన ఊరి పేరు, అంటించి పీకిన గోధుమ కాగితం మరక, అన్నీ అక్కడే ఉంటాయి. అది చదవకుండా కళ్ళ గురించి మూడు పేజీలు రాయడమంటే ఉత్తరం విప్పకుండా కవరు అందాన్ని వర్ణించడమే.

ఈ సంగతి కెమెరాలు చేసినవాళ్ళకు కూడా తెలుసు. 1912లో కోడక్ సంస్థ జేబులో పట్టే మడత కెమెరా ఒకటి తెచ్చింది; మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక దాన్ని ‘సిపాయి కోడక్’ అని ప్రకటించి అమ్మింది. 1915 నుంచి వచ్చిన రకంలో వెనుక ఒక చిన్న మూత, పక్కన లోహపు పుల్ల ఉండేవి. ఫోటో తీసిన వెంటనే ఆ మూత తెరిచి పుల్లతో రాస్తే తేదీ, చోటు, పేరు ఫిల్ము మీదే, బొమ్మల మధ్య ఖాళీలో పడేవి. ఫోటో ఎంత ముఖ్యమో దాని కింది రాత కూడా అంతే ముఖ్యమని ఒక యంత్రమే ఒప్పుకుంది చూడండి. ఆ కెమెరాలు మాత్రం సిపాయిల దగ్గర ఎంతో కాలం నిలవలేదు. 1915 నాటికే బ్రిటిష్ సైన్యం ఫ్రాన్స్‌లో సొంత కెమెరాలు ఉంచుకోకూడదని ఉత్తర్వులిచ్చింది. కొందరు దాచుకున్నారు గాని, ఈ రోజు మనం పుస్తకాల్లో చూసే ఫోటోల్లో చాలా భాగం అనుమతి పొందిన ఫోటోగ్రాఫర్లు తీసినవే.

మన సిపాయిల విషయానికి వస్తే, 1915 వేసవిలో గిర్డ్‌వుడ్ అనే ఫోటోగ్రాఫర్ ఫ్రాన్స్ వెళ్ళి భారతీయ దళాలను విస్తారంగా తీశాడు. ఆ ఫోటోలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి కింద ఫలానా దళం కందకంలో, ఫలానా ఊరి దగ్గర, ఫలానా తేదీన అని ఉంటుంది. సిపాయి పేరు మాత్రం చాలాచోట్ల ఉండదు. మరో మాట కూడా చెప్పాలి. అతను తీసిన పోరాట దృశ్యాల్లో కొన్ని నిజమైన పోరాటాలు కావు, కెమెరా కోసం చేయించినవి. మీరు జత చేసిన మూడు ఫోటోల్లో మొదటిది అలాంటి దాడి దృశ్యమే. దాని కింద మీరు ‘మృత్యుముఖంలోకి దూకిన క్షణం’ అని రాశారు.

మిమ్మల్ని ఎక్కువ తప్పుపట్టను, ఎందుకంటే ఆ గోతిలో నేనూ పడ్డాను. ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక వారపత్రికకు అలాంటి ఫోటో మీదే వ్యాసం రాశాను. సిపాయిలు కందకం లోంచి లేచి సూటిగా మనవైపు పరుగెత్తుకొస్తున్నారు. నేను వాళ్ళ ముఖాల్లో చావును, ధైర్యాన్ని, సామ్రాజ్యవాదపు క్రౌర్యాన్ని చదివి పేజీలు నింపాను. సంపాదకుడికి తెగ నచ్చింది. ‘ఆర్ద్రత ఉంది’ అన్నాడు, అప్పట్లో ఆ మాట వింటే పొంగిపోయేవాణ్ణి. వ్యాసం అచ్చయిన రెండు వారాలకు విజయనగరం వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. రాసినవారు పింఛను తీసుకుంటున్న సుబేదారు. కార్డు మొత్తం మీద ఉన్నది ఒకే ప్రశ్న: ‘అయ్యా, ఎదురుగా నిలబడి ఫోటో తీసినవాడు శత్రువుకు వీపు పెట్టి ఎంతసేపు బతికాడు?’ ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. సంపాదకుడికి చూపించి సవరణ వేయమని అడిగితే, పాఠకులు సవరణలు చదవరు అన్నాడు. పైగా నేను పంపిన ఫోటో ప్రతి తిరిగివచ్చేసరికి దాని నిండా ఎర్ర పెన్సిలు గీతలున్నాయి. ముఖం మాత్రం పెద్దది చేసి అచ్చువేయడానికి కింది రాతను కత్తిరించేశారు. ముఖం ఉంటే చాలు, మాటలు ఎందుకు అని వాళ్ళ సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి ఇవాళ ఇంకా పెద్ద పీట వేశారు.

మీ రెండో ఫోటో ఆస్ట్రేలియా దళాల అధికారిక ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీది. కింద దాడి చేసే సైనికులు, పైన విమానాలు, మధ్యలో పేలుళ్ళు, అన్నీ ఒకే క్షణంలో జరిగినట్టు ఉంటుంది. అది పన్నెండు నెగెటివ్‌లను కలిపి చేసిన బొమ్మ. ఆ దళాలతోనే ఉండి యుద్ధచరిత్ర రాస్తున్న చార్లెస్ బీన్ ఇలాంటివి నకిలీలని 1917లోనే తెగేసి చెప్పాడు. యుద్ధం మొత్తాన్ని ఒకే నెగెటివ్‌లో పట్టడం సాధ్యం కాదని హర్లీ వాదించాడు, ఉద్యోగం వదిలేస్తానన్నాడు, చివరికి కొన్ని బొమ్మలకు అనుమతి సంపాదించుకున్నాడు. నేను బీన్ పక్షం. అయితే హర్లీ వాదనలో పస లేదనను. అతను బురదలో, గుళ్ళ మధ్య నిలబడి ఆ పన్నెండు నెగెటివ్‌లూ తీశాడు. మీరూ నేనూ కుర్చీలో కూర్చుని పదమూడోది కలుపుతున్నాం.

రంగుల సంగతి కూడా చెప్పక తప్పదు. ఫ్రాన్స్ ఫోటోకు రంగులు వేయించి పంపారు. సిపాయిల తలపాగాలు కాషాయంగా మెరుస్తున్నాయి, ఆకాశాన్ని మాత్రం తెల్లగా వదిలి ‘దేవుడు కూడా తప్పుకున్న శూన్య గగనం’ అన్నారు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేటు నీలానికి అతిగా స్పందిస్తుంది, ఎరుపును దాదాపు పట్టించుకోదు. అందుకే నీలాకాశం కాగితం మీద తెల్లబోతుంది, ఎర్రటి గుడ్డ నల్లబడుతుంది, మన చామనఛాయ ముఖాలు ఉన్నదానికన్నా నల్లగా పడతాయి. ఆ రోజు అక్కడ చక్కటి ఎండ కాసి ఉండవచ్చు. దేవుణ్ణి అందులోకి లాగకండి. ఇక ఆ కాషాయం ఎక్కడిది? ప్లేటు చెప్పలేదు, కింది రాత చెప్పలేదు, రంగులు వేసిన యంత్రం ఊహించింది, మీరు దాని మీద ఒక పేరా త్యాగం రాశారు. ఈ రంగుల పిచ్చి ఎప్పుడు పోతుందో తెలియదు గాని, నేను ఉండగా పోయేలా లేదు.

మూడో ఫోటో ఇంద్రలాల్ రాయ్‌ది. కలకత్తాలో పుట్టిన కుర్రవాడు, 1918 జులైలో రెండు వారాలైనా నిండకుండానే పది విమానాలు కూల్చినట్టు లెక్కకెక్కి, అదే నెల 22న పంతొమ్మిదేళ్ళకే ఫ్రాన్స్ ఆకాశంలో చనిపోయినవాడు. ఆ ముఖంలో మీకు ‘డేగ చూపు’ కనిపించింది. కంటిచూపు సరిగా లేదని మొదట వైమానిక దళం అతణ్ణి తీసుకోలేదు! తన మోటారు సైకిలు అమ్మి ఆ డబ్బుతో పెద్ద కంటివైద్యుడి దగ్గరికి వెళ్ళి, మరో అభిప్రాయం తెచ్చుకుని చేరాడు. డేగ చూపుకన్నా ఆ మోటారు సైకిలు ఎన్ని రెట్లు గొప్పదో మీకు నేను చెప్పాలా? అది మాత్రం ఫోటోలో లేదు. ఉన్న ఫోటోను చూస్తూ కూర్చుంటే అది ఎప్పటికీ దొరకదు.

మీ ముత్తాతగారి దగ్గరికి వద్దాం. వ్యాసమంతా ఆయన్ని కెప్టెన్ అన్నారు, పంపిన ప్రతిలో చూస్తే చేతి మీద మూడు చారలున్నాయి. మూడు చారలు హవల్దారువి. ఊళ్ళో గౌరవంగా కెప్టెన్‌గారు అని పిలిచి ఉండవచ్చు, ఆ పిలుపుకు ఒక కథ ఉండే ఉంటుంది, అదైనా రాయండి. వెనుక మెట్లు, పూలకుండీ, చెరువు ఉన్నది నిజమైన తోట కాదు, స్టూడియోవాళ్ళు వేలాడదీసే రంగుల తెర. కింద తెర మడత నేలను తాకిన గీత కనిపిస్తోంది. ఆయన కళ్ళు చిట్లించింది మృత్యువును చూసి కాకపోవచ్చు, ముఖం మీద పడిన దీపపు వెలుతురుకు కూడా కావచ్చు. కుర్చీ వీపు మీద పెట్టిన చేతిని చూశారా? బొటనవేలికి సిరా మరక ఉంది. అది వేలిముద్ర వేసిన మరకా, సంతకం నేర్చుకుంటున్న మరకా, ప్రింటు మీద పడిన మచ్చా, నేను తేల్చుకోలేకపోయాను. భూతద్దం పెట్టి అసలు ఫోటో చూడగలిగినవారు మీరు.

విశాఖ మీద బాంబులు పడిన 1942 ఏప్రిల్ 6 తరువాత ఊరు ఖాళీ అవుతుంటే మీ తాతమ్మ ఆ పటాన్ని దుప్పట్లో చుట్టుకుని బండెక్కారని రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్‌కు లొంగిపోయి అప్పటికి ఏడు వారాలు దాటింది. ఫిబ్రవరి 15న అక్కడ దాదాపు నలభై వేల మంది భారతీయ సైనికులు బందీలయ్యారు. ఆ బండిలో కూర్చున్నప్పుడు ఆవిడకు ఆ కబురు ఎంత తెలుసో మీ వ్యాసంలో లేదు.

కాని ఒక వాక్యం రాశారు. పండగనాడు మీ నాయనమ్మ పటం అద్దానికి బొట్టు పెడితే, తాతమ్మ సాయంత్రానికల్లా కొంగుతో తుడిచేసేవారని. మన ఇళ్ళలో పటానికి బొట్టు పెట్టడమంటే ఏమిటో తెలిసినవాడెవడూ ఆ వాక్యం దాటి అంత సులువుగా ముందుకు పోలేడు. దాన్ని తీసుకెళ్ళి తొమ్మిదో పేజీలో, ‘హృదయవిదారకమైన’ అన్న మాటకూ ‘చెమర్చిన నయనాల’ అన్న మాటకూ మధ్య ఇరికించారు. ఆవిడ తన నుదుటి బొట్టు ఎప్పటిదాకా ఉంచుకున్నారు? సైన్యం నుంచి కాగితం ఏమైనా వచ్చిందా, వస్తే దాని మీద తేదీ ఎంత? పింఛను ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు, ఆ సంతకం పెట్టిన రోజు ఇంట్లో ఏం జరిగింది? మీ నాయనమ్మగారు ఉన్నారని రాశారు కనుక వెళ్ళి అడగండి. ఏడుస్తారేమోనని భయపడకండి, ఆ తరం ఆడవాళ్ళు తేదీలు అడిగితే ఏడవరు, సరిచేస్తారు.

సింగపూర్‌లో క్రాంజీ అనే చోట, సమాధి ఎక్కడుందో తెలియని ఇరవై నాలుగు వేల మందికి పైగా సైనికుల, వైమానికుల పేర్లు గోడల మీద చెక్కి ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఆ జాబితాను ఎవరైనా వెతుక్కునేలా అందుబాటులో ఉంచింది. సైనికుడి నంబరు ఉంటే వెతకడం సులువు. ఒక్క పేరుతో వెతికితే అదే పేరు గలవాళ్ళు ఎందరో తగులుతారు, పైగా మన పేర్లను ఆ గుమాస్తాలు ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. ఆ నంబరు ఎక్కడ ఉండే అవకాశం ఉందో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

ముందుమాట గురించి, పోటీకి పంపడం గురించి, శీర్షిక గురించి మీరు అడిగినవి గుర్తున్నాయి. అవి తరువాత చూద్దాం.

పటం విప్పేటప్పుడు తొందరపడకండి. ఇన్నేళ్ళ తేమకు ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది; పీకితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దం జోలికి వెళ్ళకుండా వెనుక మేకులు మాత్రం ఒక్కొక్కటిగా తీసి, అట్టను మెల్లగా ఎత్తండి. తడిగుడ్డ పెట్టకండి, ముద్ర మీద మళ్ళీ సిరా దిద్దకండి, సెలోటేపు అసలే వద్దు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక వాలుగా పడేలా చూసుకుంటే పెన్సిలు రాత గాడి పైకి తేలుతుంది. నాలుగు వాలుల్లో నాలుగు ఫోటోలు తీయండి. వాటిని కొంచెం పెద్ద సైజులో అచ్చు వేయించి నాకు పంపండి. ఈ మధ్య నాకు చిన్న అక్షరాలు కనబడటం లేదు. అద్దం అంచున, చట్రం సందులో, ఆవిడ కొంగుకు అందని కుంకుమ కాస్త మిగిలి ఉంటుంది. శుభ్రం చేస్తున్నాననుకుని దాన్ని తుడిచేయకండి.

ఆశీస్సులతో,
మీ లేఖకుడు