లెంటీవైరస్ ఆర్డరు పెట్టే ముందు

చి. లావణ్యకు ఆశీస్సులు.

కేరాస్ జన్యువుకు పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీనును ట్యాగుగా తగిలించి, దాన్ని కణాల్లోకి మోసుకెళ్లే లెంటీవైరస్ తెప్పిస్తున్నామని రాశావు. ఆర్డరు ఇంకా వెళ్లలేదు కాబట్టి అడుగుతున్నాను: ట్యాగు ఏ కొనన ఉందో చూశావా? తయారుగా దొరికే వాటిలో చాలా వరకు ప్రొటీను చివర, అంటే సీ కొనన ఉంటుంది. ఎన్నో ప్రొటీన్లకు దానితో ఇబ్బంది లేదు, కేరాస్‌కు ఉంది. కేరాస్ ప్రొటీనులో చివరి నుంచి నాలుగో అమైనో ఆమ్లం సిస్టీన్. ఆ సిస్టీన్‌కు కొవ్వు గొలుసు అతికితేనే కేరాస్ కణపు పొరను చేరి పనిచేస్తుంది. సరిగ్గా అక్కడే జీఎఫ్‌పీ వచ్చి కూర్చుంటే ఆ అతుకు పడదు. కణాలు పచ్చగా మెరుస్తాయి, నువ్వు సంబరపడతావు, కేరాస్ మాత్రం పొర చేరకుండా కణంలో ఊరికే తిరుగుతుంటుంది. అందుకని ట్యాగు ఎన్ కొనన, అంటే ప్రొటీను మొదట్లో ఉన్నదే అడుగు.

పైగా కేరాస్‌లో ఉండేవి 188 అమైనో ఆమ్లాలు, జీఎఫ్‌పీలో 238. మనిషి కంటే మూట పెద్దది! బతికున్న కణాల్లో చూడనవసరం లేకపోతే 8 ఆమ్లాల ఫ్లాగ్ ట్యాగు చాలు. అలాగని ఎన్ కొన అన్నిటికీ మంచిదనుకోకు. కణం బయటికి వెళ్లే ప్రొటీన్లకు ముందుండే సిగ్నల్ పెప్టైడ్ తెగిపోతుంది, దానికి ముందు కట్టిన ట్యాగూ దానితోనే పోతుంది.

ఈ వైరస్ హెచ్‌ఐవీ-1 నుంచి మలిచింది. కణంలోకి వెళ్లగలదు, అక్కడ తన సంతతిని పెంచుకోలేదు. అయినా ‘భయమేమీ లేదు’ అనేవాళ్ల మాట పట్టించుకోకు. అది మోసేది క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువు, అతుక్కునేది క్రోమోజోముకు. జీవభద్రతా కమిటీ అనుమతి చేతికి రానిదే సీసా తెరవకు. పనంతా బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే. సూదులు, గాజు పిపెట్లు దగ్గరికి రానివ్వకు.

పార్సిల్ శుక్రవారం బయలుదేరనివ్వకు. ఆదివారమంతా ఏ గోదాములోనో పడి ఉంటే డ్రై ఐస్ ఆవిరైపోతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో అసలే వద్దు, తిరుపతి రోడ్ల సంగతి నీకు నేను చెప్పాలా? పెట్టె విప్పి డ్రై ఐస్ మిగిలిందని చూశాకే సంతకం పెట్టు. నేరుగా మైనస్ 80 ఫ్రీజర్‌లోకి. మొదటిసారి కరిగించినప్పుడే ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న ట్యూబుల్లో పంచేయి. కరిగించి గడ్డకట్టించిన ప్రతిసారీ బలం తగ్గుతుంది.

ఒక్కో కణానికి సగటున ఎన్ని వైరస్‌లు వేశామన్న లెక్కే ఎంఓఐ. అది 1 అంటే ప్రతి కణానికీ ఒక వైరస్ అందుతుందని కుర్రవాళ్లు అనుకుంటారు. లెక్క ప్రకారం 37 శాతం కణాలకు ఒక్కటీ అందదు, కొన్నిటికి రెండు మూడు అందుతాయి. కాబట్టి తక్కువతో మొదలుపెట్టి, అందని కణాలను చంపే ప్యూరోమైసిన్ మందుతో అందినవాటిని ఏరుకో. ఎంత మోతాదుకు చస్తాయో వైరస్ సోకని కణాల మీద ముందే చూసుకోవాలి. ఉత్త జీఎఫ్‌పీ ఉన్న వైరస్‌ను కూడా ఇదే ఆర్డరులో తెప్పించు. డబ్బు దండగని మీ గైడు గొణిగినా వదలకు. కణాల్లో మార్పు కేరాస్ వల్ల వచ్చిందా, వైరస్ వల్లా అని తర్వాత అడిగేదీ ఆయనే.

ప్లాస్మిడ్ మ్యాపు, అంటే వైరస్ తయారీకి వాడే డీఎన్‌ఏ పటం పంపు, ఆర్డరుకు ముందు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో
పెద్దమ్మ
తిరుపతి