సెప్టెంబరుకు భయపడి సీఏ మాన్పిస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి సీఏ ఇంటర్ పాసై విజయవాడలో ఒక సీఏ ఆఫీసులో ఆర్టికల్‌షిప్ (శిక్షణ) చేస్తున్నాడు. సెప్టెంబరు వచ్చినప్పటి నుంచి రాత్రి పదకొండు దాటితే గానీ ఇంటికి రావడం లేదు, పుస్తకం ముట్టడం లేదు. ఇది మాన్పించి యూఎస్ సీఎంఏలో (అమెరికా వాళ్ల మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ కోర్సు) చేర్పిద్దామా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: అమ్మా, పిల్లాడు సీఏ ఫైనల్ పరీక్ష పోగొట్టుకుంటాడేమోనన్నదే మీ అసలు దిగులు. అది వదిలేయండి. ఇప్పటి పద్ధతిలో రెండేళ్ల ఆర్టికల్‌షిప్ ముగిశాక ఆరు నెలలు గడిస్తేనే ఫైనల్ రాయనిస్తారు. ఆ ఆరు నెలలూ చదువుకే. ఈ నెల పుస్తకం తీయకపోతే కొంపేమీ మునగదు.

ట్యాక్స్ ఆడిట్ (ఆదాయపు పన్ను కోసం సీఏ చేసే లెక్కల తనిఖీ) రిపోర్టుల గడువు సెప్టెంబరు 30. ఈలోగా 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను), 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (జీఎస్‌టీ కట్టే నెలవారీ రిటర్ను). ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల ఫైలు ముందు పట్టుకోవడం దగ్గరే కుర్రాళ్లు దెబ్బతింటారు. ఆలస్యమైతే ఎవరికి ఎంత పడుతుందో ముందు చూసుకోవాలి. ఆగస్టులో కోసిన టీడీఎస్ 7కు బదులు 8న కడితే రెండు నెలల వడ్డీ, అంటే 3 శాతం పడుతుంది. 3బీకి రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. కాబట్టి ఆ తేదీల ముందు రోజు ఆడిట్ ఫైలు పక్కన పెట్టాల్సిందే.

ఆడిట్ ఫైళ్లను కాగితాలన్నీ వచ్చినవి, ఒకటి రెండు ఆగినవి, అసలు రానివి అని మూడుగా విడదీయమనండి. మొదటివి వెంటనే పూర్తిచేసి ఆఫీసు నడిపే సీఏ సార్ సంతకానికి పంపాలి. రెండోవాటికి ఏమేం కావాలో, లోన్ వడ్డీ సర్టిఫికెట్, స్టాకు లెక్క, ఏదైతే అది, ఒకే మెసేజ్‌లో 10వ తేదీకల్లా క్లయింటుకు అడగాలి. రోజుకొకటి అడిగితే అవి 25 తర్వాత ఒక్కసారి వచ్చి పడతాయి. అర్ధరాత్రి పనికి మూలం చాలాసార్లు అదే.

కొత్త పని ఇస్తే ‘కుదరదు’ అనకూడదు. ‘సార్, చేతిలో ఈ రెండున్నాయి, ఇది ముందు చేస్తే ఆ ఆడిట్ రేపు సాయంత్రానికి అవుతుంది, ఏది ముందు?’ అని అడగాలి. నిర్ణయం సార్‌దవుతుంది, మాట కూడా పోదు. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చే క్లయింట్ల వాట్సాప్‌లకు పొద్దున జవాబిస్తే చాలు. అదీ ముందే సార్‌కు చెప్పి.

ఇక మీ సంగతి. ఈ నెల ఆదివారం కోచింగ్ క్లాసు, బంధువుల ఫంక్షన్లు, సాఫ్ట్‌వేర్ చేస్తున్న పెదనాన్న కొడుకుతో పోలికలు, అన్నీ ఆపండి. ఇంటికొచ్చిన వాణ్ని ‘ఇవాళ ఏం చదివావు’ అని అడిగేది మీరే అయితే, ఆఫీసును తప్పుపట్టి లాభం లేదు.

యూఎస్ సీఎంఏ రెండు పేపర్లే, త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ సర్టిఫికెట్ రావాలంటే డిగ్రీ, రెండేళ్ల అనుభవం కావాలి. దాంతో ఇక్కడ ఆడిట్ రిపోర్టు మీద సంతకం చేయలేడు. హైదరాబాద్‌లో దానికి దొరికే ఉద్యోగాల్లో చాలావరకు విదేశీ కంపెనీల అకౌంట్లవి. అక్కడా నెల ముగింపు లెక్కలకు ప్రతి నెలా మొదటి నాలుగైదు రోజులు రాత్రిళ్లు కూర్చోవాలి. ఈ ఒత్తిడి తప్పించుకోవడానికైతే ఆ దారి పనికిరాదు. ప్రకటనల్లో ఈ మాట ఉండదు.

అక్టోబరు 31న ఆడిట్ క్లయింట్ల రిటర్నులు కూడా అయిపోతాయి. నవంబరులో కూడా రాత్రి పదకొండే అయితే అప్పుడు ఆ ఆఫీసు సంగతి ఆలోచిద్దాం. లేదంటే ఫైనల్‌కు ముందు పాసవ్వాల్సిన నాలుగు సెల్ఫ్ పేస్డ్ మాడ్యూళ్లలో (ఆన్‌లైన్‌లో వీలునుబట్టి చదువుకునే పాఠాలు) మొదటిది అప్పుడే మొదలుపెట్టమనండి.