గుర్రం దగ్గర తొందర పనికిరాదు: పశువుల డాక్టర్ జవాబులు

పోయిన నెల కుక్కల గురించి రాశాక 'మరి గుర్రాల సంగతేంటి' అని చాలామంది అడిగారు. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండే రెండు విషయాలు. పిల్లలకు ఏమవుతుందోనన్న భయం ఒకటి, తగిలిన దెబ్బ ఎప్పటికి మానుతుందోనన్న ఆత్రం ఇంకొకటి. అన్నిటికీ చోటు లేదు, కొన్ని ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు 9 ఏళ్ళు. శని, ఆదివారాలు గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఈమధ్య గుర్రం ఉలిక్కిపడి పక్కకు దూకితే కిందపడి మణికట్టు విరిగింది. కట్టు విప్పి వారమైంది. 'ఎక్కనులే అమ్మా, ఊరికే దాన్ని దువ్వి, నడిపించి వస్తా' అని గొడవ చేస్తోంది. మా అత్తగారైతే గుర్రం పేరెత్తితేనే ఊరుకోవడం లేదు. పంపొచ్చా? ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్‌కి గీత కూడా పడలేదు, అదే వాడొచ్చా? (ఒక తల్లి, హైదరాబాద్)

హెల్మెట్ ముందు: వాడకండి. తల నేలకు తగిలిందో లేదో మీకు కచ్చితంగా తెలియకపోతే అసలే వాడకండి. లోపల ఉండే థర్మకోల్ పొర ఒక్క గట్టి దెబ్బను మింగడానికే, అది లోపల నలిగినా పైకి కనబడదు. కొత్తది కొనేటప్పుడు గుర్రపు స్వారీకని తయారైనదే కొనండి, ఇంట్లో ఉంది కదా అని సైకిల్‌దో, క్రికెట్‌దో తగిలించి పంపకండి. గడ్డం కింద పట్టీ బిగించాక పాపను తల గట్టిగా ఊపమనండి, హెల్మెట్ కదిలితే సైజు సరిపోలేదన్నమాట. బూట్లకు చిన్న మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, కాలు పెట్టుకునే కడియం) అవతలికి జారి ఇరుక్కుంటుంది, అప్పుడు గుర్రం పరిగెత్తితే పిల్లను ఈడ్చుకుపోతుంది.

ఎముక సంగతి ఎక్స్‌రే చూసిన డాక్టర్ చెప్పాలి, నేను పశువుల డాక్టర్ని. పిల్లల్లో మణికట్టు మామూలుగా 4 నుంచి 6 వారాల్లో అతుక్కుంటుంది గానీ, కట్టు విప్పిన రోజుకే పాత బలం వచ్చేయదు, ఆ తర్వాత వారాల్లో పడితే మళ్ళీ అక్కడే విరగొచ్చు. అందుకే ఆయన్ని అడిగే పద్ధతి మార్చండి. 'ఆటలు ఆడొచ్చా' అంటే ఆయన షటిలో, స్కిప్పింగో అనుకుని సరే అంటారు. 'అయిదడుగుల ఎత్తు మీంచి మళ్ళీ పడే అవకాశం ఉంది, ఇప్పుడు పడితే ఏంటి' అని అడగండి.

ఇక 'ఎక్కనులే, నడిపిస్తా' అన్న మాట. పెద్దవాళ్ళు కూడా ఇక్కడే మోసపోతారు. పైకి ఎక్కితేనే ప్రమాదం, కింద ఉంటే ఏమీ కాదని మన లెక్క. కానీ 400 కిలోల జంతువు ఏదో చప్పుడుకి తల ఒక్కసారి విదిలిస్తే, ఆ కుదుపంతా తాడు పట్టుకున్న చెయ్యి మీదే పడుతుంది. నెమ్మదైన ముసలి గుర్రం మీద కూర్చుంటే, కోచ్ పక్కనే తాడు పట్టుకుని నడుస్తుంటే, ఆ పది నిమిషాలు ఈ మణికట్టుకి కాస్త నయం. ఒంటరిగా నడిపించడం మాత్రం ఇప్పుడు వద్దే వద్దు. చెయ్యి బాగయ్యాక కూడా తాడు చేతికి చుట్టుకోకూడదని నేర్పండి. గుర్రం బెదిరి పరుగెత్తితే ఆ చుట్టు బిగుసుకుని వేళ్ళు తెగిపోయిన సందర్భాలున్నాయి. మిగిలిన తాడును మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకోవాలి. గిట్టలు శుభ్రం చేసేటప్పుడు కింద చతికిలబడకుండా వంగి నిలబడితే, గుర్రం కదలగానే తనూ జరగగలదు.

మీ అత్తగారిని కొట్టిపారేయకండి. పడ్డ రోజు అందరి కళ్ళూ చెయ్యి మీదే ఉంటాయి, తల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇప్పటికీ తలనొప్పి అంటోందా, వెలుతురుకి చిరాకు పడుతోందా, స్కూల్లో మనసు పెట్టలేకపోతోందా చూడండి. అలాంటిదేమైనా ఉంటే చెయ్యి బాగైనా స్వారీ ఆపి, దానికి వేరేగా డాక్టర్‌కి చూపించాలి. పాపకు లోపల భయం ఉంటే అదీ కనుక్కోండి, కొందరు పిల్లలు కోచ్ ముందు పరువు పోతుందని చెప్పరు.

ప్రశ్న: సార్, మాది నిజామాబాద్. బరాత్‌లకు గుర్రం తిప్పుతాం. ఓ పెళ్ళిలో మా ఆడ గుర్రం డ్యాన్స్ చేస్తూ సిమెంటు రోడ్డు మీద జారింది. ముందు కుడి కాలు వెనక వైపు, మోకాలి కింద వాచింది. చన్నీళ్ళు కొట్టాం, మందు రాశాం, నాలుగు రోజులకు వాపు తగ్గింది, నడక బాగానే ఉంది. ముహూర్తాలు వచ్చేస్తున్నాయి. ఒక ఇంజెక్షన్ వేసి తీసుకెళ్ళొచ్చా? (గుర్రం యజమాని)

తీసుకెళ్ళకండి. కటువుగా చెప్తున్నానని అనుకోవద్దు, మీరు చెప్పిన చోటు వింటేనే నాకు టెన్షన్ వచ్చింది.

ముందు కాలికి మోకాలి కింద వెనక వైపు టెండన్లు ఉంటాయి. గుర్రం అడుగు వేసినప్పుడల్లా సాగి మళ్ళీ దగ్గరికి వచ్చే పట్టీలవి. అక్కడ వాపు, వేడి ఉన్నాయంటే పట్టీలో కొన్ని పోగులు తెగాయని అనుమానించాలి. వాపు నాలుగు రోజుల్లో తీసేస్తుంది, నొప్పీ తగ్గుతుంది. తెగిన పోగులు మాత్రం నెలల తరబడి అతుకుతూనే ఉంటాయి, అతికాక కూడా పాతంత సాగవు. మీ గుర్రం ఇప్పుడు సరిగ్గా అన్నిటికంటే ప్రమాదమైన దశలో ఉంది, ఎందుకంటే చూడటానికి బాగుంది.

మీరే ఓ పని చేసి చూడండి. గుర్రం నిలబడి ఉండగా రెండు ముందు కాళ్ళ వెనక వైపూ అరచేత్తో తాకి, కుడిది కాస్త వెచ్చగా ఉందేమో పోల్చండి. తర్వాత కాలు ఎత్తి మోకాలు మడిచి పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఆ పట్టీని మోకాలి కింద నుంచి గిట్ట పైన కీలు దాకా మెల్లగా నొక్కుతూ రండి. మంచి కాలుకి అది గట్టిగా, సన్నగా, అంచులు తెలిసేలా ఉంటుంది. దెబ్బతిన్న చోట మెత్తగానో, లావుగానో తగులుతుంది, గుర్రం కాలు లాక్కుంటుంది. అయితే చేతికి ఏమీ తెలియలేదంటే బాగున్నట్టు కాదు. అల్ట్రాసౌండ్ చేస్తేనే ఎంత తెగిందో తెలుస్తుంది. మీకు దగ్గర్లో కోరుట్ల వెటర్నరీ కాలేజీ ఉంది, లేదా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది. గుర్రాన్ని బండెక్కించే ముందు ఫోన్ చేసి, ఆ స్కాన్ చేసే డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కోండి.

నొప్పి ఇంజెక్షన్ వేస్తే పెళ్ళి గడిచిపోతుంది, నిజమే. నొప్పి తెలియక గుర్రం బరువంతా ఆ కాలు మీద వేస్తుంది, ఆ రాత్రే పట్టీ పూర్తిగా తెగొచ్చు. మొదట్లో కట్టేసిన చోటే విశ్రాంతి, డాక్టర్ చెప్పాక రోజుకి కొద్ది నిమిషాలు గట్టి నేల మీద చేత్తో పట్టుకుని నడక, వారం వారం కాస్త పెంచడం, మధ్యలో మళ్ళీ స్కాన్. టెండన్ నిజంగా తెగి ఉంటే 9 నుంచి 12 నెలలు అనుకోండి. నాకు తెలుసు, మీకు ఇది అన్నం పెట్టే జీవం, సీజన్ పోతే అప్పు పెరుగుతుంది. తెలిసినవాళ్ళ గుర్రాన్ని అద్దెకు తెచ్చుకుని ఒప్పుకున్న పెళ్ళిళ్ళు నడిపించుకోండి, లాభం తగ్గినా గుర్రం మిగులుతుంది.

దాణా విషయంలో ఒక మాట. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటారు గానీ, పని లేకుండా కట్టేసిన గుర్రానికి అదే దాణా పెడితే కడుపునొప్పి తెచ్చుకుంటుంది, గిట్టల లోపల వాపు కూడా రావచ్చు. ఉలవ గుగ్గిళ్ళు బాగా తగ్గించి గడ్డి ఎప్పుడూ ముందు ఉండేలా చూడండి. నీళ్ళు రోజుకి 30 లీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పేడ వేయడం తగ్గినా, పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటున్నా, పడుకుని దొర్లుతున్నా తెల్లారేదాకా ఆగకండి.

కట్టు కట్టడం రాకపోతే కట్టొద్దు. దూది పలచగా వేసి ఒక చోట బిగిస్తే ఆ బిగువే పట్టీని ఇంకా పాడు చేస్తుంది.

ఉత్తరం చివర్లో 'మా పిల్లలు దాని కాళ్ళ మధ్యే ఆడుకుంటారు, ఏమీ అనదు' అని మురిసిపోతూ రాశారు. ఏమీ అనకపోవడం నొప్పి లేనప్పటి మాట. నొప్పి ఉన్న కాలుకి పిల్లాడి చెయ్యి తగిలితే ఎంత మంచి గుర్రమైనా తన్నుతుంది. కోలుకునేదాకా అడ్డుగా ఒక వెదురు కట్టండి. పెళ్ళిళ్ళలో కూడా, డీజే ముందు పిల్లలు గుర్రం తోక పట్టుకుని ఫోటోలు దిగుతుంటే వద్దనే ధైర్యం మీకే ఉండాలి, పెళ్ళివారు చెప్పరు.

ప్రశ్న: ఆర్‌కే బీచ్‌లో మా 4 ఏళ్ళ బాబు గుర్రం ఎక్కుతానని ఒకటే ఏడుపు. ఎక్కించొచ్చా? (విశాఖపట్నం)

గుర్రం నడవాలే తప్ప పరిగెత్తకూడదు, తాడు గుర్రపతని చేతిలోనే ఉండాలి, బాబు పక్కన మీరు చెయ్యి వేసి నడవాలి. ఈ మూడింటికీ ఒప్పుకుంటే ఓ చిన్న రౌండు, లేకపోతే మొక్కజొన్న పొత్తు కొనిచ్చి ఇంటికి తీసుకురండి. ఇంకో పెద్దమనిషి ఒళ్ళో కూర్చోబెట్టి 'పరిగెత్తించు భయ్యా' అనడం మాత్రం వద్దు, పడితే ఆయన బరువు కూడా బాబు మీదే. జీను కింద పుళ్ళున్న గుర్రం, చెవులు వెనక్కి అణిచి పెట్టిన గుర్రం అసలు ఎక్కొద్దు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. మా వెనక వీధిలో ఎవరివో రెండు గుర్రాలున్నాయి. మా పిల్లలు రోజూ కంచెలోంచి యాపిల్స్, లాన్ కోసినప్పుడు ఆ గడ్డీ పెడుతున్నారు. యజమాని ఎప్పుడూ కనబడలేదు. పర్వాలేదా?

పర్వాలేదనుకోవద్దు, ఈ రోజే ఆపండి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే పైకి వచ్చే దారి లేదు. లాన్ గడ్డి ముక్కలు గుట్టగా పడితే తొందరగా పులుస్తాయి, గుర్రం నమలకుండా మింగేస్తుంది, కడుపుబ్బి ప్రాణం మీదకు వస్తుంది. ఆ గడ్డిలో కలుపు మందులు కూడా ఉండొచ్చు. యాపిల్ మొత్తంగా గొంతుకు అడ్డం పడొచ్చు. పైగా కంచెకు కరెంటు ఉందో లేదో మీకు తెలియదు. తలుపు తట్టి యజమానిని అడగండి, అమెరికాలో గుర్రాలున్నవాళ్ళు ఇలా అడిగితే సంతోషిస్తారు. ఒప్పుకుంటే క్యారెట్ పొడుగ్గా చీల్చి, చాచిన అరచేతిలో పెట్టి, బొటనవేలు పక్కకు ఆనించి పెట్టడం నేర్పండి. వేళ్ళ కొసలతో పట్టుకుంటే క్యారెట్ ఎక్కడ అయిపోయిందో, వేలు ఎక్కడ మొదలైందో దానికి కనబడదు, ముక్కు కింద ఉన్నది గుర్రానికి కనబడదు మరి.

ప్రశ్న: పాడేరు దగ్గర కొండ మీద స్కూల్లో టీచర్ని. సంతకు సరుకులు మోసే గుర్రాల మధ్య నుంచే మా పిల్లలు బడికి వస్తారు. మొన్న ఒక బాబు భుజం మీద గుర్రం కరిచింది, పసుపు రాసి పంపారు. ఏం చెయ్యాలి?

అధికారి ముందు, గుర్రం వెనక నిలబడొద్దని హైదరాబాద్‌లో ఉర్దూ సామెత. అది సగం మాటే, గుర్రానికి వెనకే కాదు, సరిగ్గా నుదురు ముందు కూడా కాస్త చోటు కనబడదు. పిల్లలకు ఇలా చెప్పండి: భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి రావాలి, వెనక నుంచి దాటాల్సి వస్తే గుర్రం పొడవుకి రెండింతలు దూరంగా దాటాలి. పిల్ల ఉన్న తల్లి గుర్రం దగ్గరికి అసలు వెళ్ళకూడదు. మూట దింపుతున్నప్పుడు గుంపు కట్టకూడదు.

కరిచిన బాబును మాత్రం ఈ ఉత్తరం చేరేదాకా ఆపి ఉండరనే ఆశిస్తున్నాను. చర్మం చిట్లితే పసుపు, సున్నం, కారం ఏదీ వద్దు, ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలి. గుర్రాల పేడలో, అవి తిరిగే మట్టిలో ధనుర్వాతం క్రిములుంటాయి కాబట్టి టీటీ ఎప్పుడు వేశారో చూస్తారు. పిచ్చి కుక్క కరిచిన గుర్రానికీ రేబిస్ వస్తుంది, దాని కాటుతో మనిషికీ వస్తుంది, అందుకని ఆ టీకా కూడా అవసరమా అని మీరే నోరు తెరిచి అడగండి. ఆలస్యమైంది కదా అని మానేయొద్దు, ఎన్ని రోజులైనా సరే తీసుకెళ్ళండి. గుర్రం యజమానికి చెప్పి, దాన్ని ఓ పక్కన కట్టేసి కనిపెట్టి ఉండమనండి. తిండి మానినా, మింగలేకపోయినా, తూలినా, ఊరికే మీదకు వస్తున్నా ఎవరూ దాని నోట్లో చెయ్యి పెట్టకుండా పశువుల ఆసుపత్రికి కబురు పెట్టాలి.