సీ1వీ1 వస్తే చాలా, ఇంకేమైనా నేర్చుకోవాలా?

స్టాక్ (చిక్కటి ద్రావణం) నుంచి పలచని ద్రావణం చేయడానికి సీ1వీ1 = సీ2వీ2 వస్తే చాలదా అని అడిగారు. సీ అంటే గాఢత, వీ అంటే పరిమాణం; 1 స్టాక్‌ది, 2 పలచనిది. చాలదండీ. ఆ లెక్క ఏడో తరగతి పిల్లాడైనా చేసేస్తాడు. చెయ్యి తిరగడమే కష్టం.

గుంటూరులో మిర్చి శాంపిళ్లు పరీక్షించే ల్యాబులో చాలాకాలం పనిచేశాను. యార్డు సీజన్లో ఊపిరాడేది కాదు. అలాంటప్పుడు కొత్తగా చేరిన కుర్రాడికి అఫ్లాటాక్సిన్ బీ1 (బూజు వల్ల వచ్చే విషం) స్టాండర్డ్, అంటే మెషిన్‌కి కొలత నేర్పే ద్రావణం, చేసే పని అప్పగించాం. 1000 పీపీబీ (వంద కోట్లలో ఇన్ని వంతులు) స్టాక్ నుంచి 100 పీపీబీది 10 మి.లీ. కావాలి. "1 మి.లీ. తీసుకోవాలి మేడమ్" అని టక్కున చెప్పాడు. తీరా చూద్దును కదా, 10 మి.లీ. మిథనాల్ (పలచన చేసే ద్రావకం) కొలిచి సీసాలో పోసి, దాని మీద 1 మి.లీ. స్టాక్ వదిలాడు! అడిగితే "లెక్క కరెక్టే కదా మేడమ్" అన్నాడు.

లెక్క కరెక్టే నాయనా, మొత్తం 11 మి.లీ. అయింది. అంటే 90.9 పీపీబీ. దాన్ని 100 అని మెషిన్‌కి చెబితే ప్రతి శాంపిలూ పది శాతం ఎక్కువ చూపిస్తుంది. మిర్చిలో బీ1కి యూరప్ వాళ్ల హద్దు 5 పీపీబీ. నిజంగా 4.7 ఉన్న సరుకు మన కాగితం మీద 5.17 అవుతుంది. మంచి సరుకు కాస్తా రిజెక్టు!

"అయితే 9 మి.లీ. పోస్తే సరి" అంటారు కొందరు. ద్రవాలు కలిపితే కొలతలు ప్రతిసారీ అలా కూడవు. మిథనాల్, నీళ్లు 50కి 50 కలిపి చూడండి, 100 రాదు, 96 దగ్గర ఆగుతుంది. అందుకే మెడ మీద కొలత గీత ఉండే స్టాండర్డ్ ఫ్లాస్క్. ముందు స్టాక్ వేసి, మెడ దాకా ద్రావకం పోసి, చివరి చుక్కలు డ్రాపర్‌తో వదలాలి. కన్ను గీతకి సమానంగా ఉండాలి, ద్రవం అడుగు వంపు గీతని తాకాలి. తర్వాత మూత పట్టుకుని తలకిందులు చేసి బాగా కలపాలి. మే నెలలో అయితే ఏసీ గదిలోనే చేయండి, ఫ్లాస్క్ మీద 20 డిగ్రీలనో 27 అనో ఊరికే రాయలేదు, ఆ వేడి దగ్గరే దాని కొలత సరి.

ఆ కుర్రాణ్ని అని ఏం లాభం? విజయవాడ, గుంటూరు కాలేజీల్లో రెండేళ్లూ ఎంట్రన్స్ బిట్లు రుద్దించి, ప్రాక్టికల్స్ పరీక్ష ముందు మొక్కుబడిగా కానిచ్చేస్తారు. ఫ్లాస్క్ పట్టుకోనివాడికీ 30కి 30!

ఇంకోటి, స్టాక్ సీసాలో నేరుగా పిపెట్ (కొలిచి తీసే గొట్టం) ముంచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, సీసా మొత్తం పాడవచ్చు. కాస్త చిన్న బీకర్లోకి వంచుకుని తీసుకోండి, మిగిలింది వెనక్కి పోయకండి. వేస్టని మేనేజర్ గొణిగితే స్టాక్ సీసా బిల్లు చూపించండి.