‘ఐరోపా సమాఖ్య’యా, ‘ఐరోపా కూటమి’యా?

సందేహం: ఒకే వార్తలో ఒకచోట ‘ఐరోపా సమాఖ్య’ అనీ, మరోచోట ‘ఐరోపా కూటమి’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? సమాఖ్య అంటే ఫెడరేషన్ కదా, మరి అందులోంచి బ్రిటన్ ఎలా బయటికి రాగలిగింది?

సమాధానం: ఆ వార్తలో రెండూ యూరోపియన్ యూనియన్ (ఈయూ) గురించే. కానీ మాటలుగా రెండూ ఒకటి కావు. ‘కూటమి’ అచ్చతెలుగు మాట. ‘ఓడు’ నుంచి ‘ఓటమి’ వచ్చినట్టే ‘కూడు’ నుంచి ‘కూటమి’ వచ్చింది. ఒకచోట చేరడం, జట్టు కట్టడం వరకే దాని అర్థం. సైనిక పొత్తు అయిన నాటోకు సరిపోతుంది, ఎన్నికల పొత్తులకూ సరిపోతుంది. కానీ ఈయూకు ఉమ్మడి పార్లమెంటు ఉంది. లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానం తీర్పుకు సభ్యదేశాలు కట్టుబడాలి. ఇంత బిగువును ‘కూటమి’ మోయలేదు.

‘సమాఖ్య’కు సంస్కృతంలో పేరు, కీర్తి అని అర్థాలు. ఫెడరేషన్ అనే అర్థం మన వాడుకలో స్థిరపడింది; దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే మీ అనుమానం న్యాయమైనదే. ఫెడరేషన్‌లో సాధారణంగా ఏ రాష్ట్రమూ తనంత తాను విడిపోలేదు. ఈయూలో మాత్రం దాని మూల ఒప్పందంలోని 50వ అధికరణమే విడిపోయే దారి చూపుతుంది. 2020 జనవరి 31న బ్రిటన్ ఆ దారినే వెళ్లింది.

దీని పుట్టుక చూస్తే ఈ తికమక ఎందుకో తెలుస్తుంది. 1951లో ఆరు దేశాలు తమ బొగ్గు, ఉక్కు పరిశ్రమలను ఉమ్మడి అజమాయిషీ కింద పెట్టడానికి ఒప్పుకున్నాయి. ఆయుధాలకు కావలసిన సరుకే ఉమ్మడిదైతే ఫ్రాన్స్, జర్మనీ మళ్లీ తలపడవని ఆశ. అక్కణ్నుంచి ఒక్కో అధికారం ఉమ్మడి చేతికి వస్తూ వచ్చింది. 1992లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో సంతకాలైన ఒప్పందం ఇప్పటి పేరు పెట్టింది. ఇప్పుడు సభ్యులు 27.

నేనైతే పేరుగా ‘ఐరోపా సమాఖ్య’నే వాడతాను. చూసుకోవలసింది కర్తనూ క్రియనూ. వర్తక విధానం ఉమ్మడిది కనుక ‘సమాఖ్య సుంకం పెంచింది’ అని ఏకవచనంలో రాయడమే సరి. ఏ దేశానికి ఆ దేశం విడిగా పెంచే వీల్లేదు. సైన్యం అలా కాదు. ‘సమాఖ్య సైన్యం’ అంటే లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడమే. ‘సమాఖ్య దేశాల సైన్యాలు’ అనాలి. వార్తలు దిద్దేటప్పుడు నేను ముందు వెతికేది ఈ పొరపాటునే.

‘బ్రిటన్ ఐరోపా నుంచి తప్పుకుంది’ అనీ రాయకండి. ఐరోపా ఖండం పేరు; నార్వే, స్విట్జర్లాండ్ ఆ ఖండంలో ఉన్నా సమాఖ్యలో లేవు. ‘యూరో దేశాలు’ అన్నా తేడా వస్తుంది. డెన్మార్క్, స్వీడన్ సభ్యదేశాలే, కానీ వాటి కరెన్సీ యూరో కాదు.