టెక్ సందేహాలు: షాపుకి వెళ్లకుండానే అలారం ప్యానెల్ సెట్టింగ్‌లు మార్చొచ్చా?

ప్రశ్న: నెల్లూరు ఆచారి వీధిలో మాకు నగల షాపు ఉంది. డీఎస్‌సీ పవర్‌సిరీస్ అలారం, పీసీ1864 బోర్డు. షట్టర్ ఎత్తి కీప్యాడ్ దగ్గరికి చేరేలోపే సైరన్ మోగేస్తోంది. ఆ టైమ్ కొంచెం పెంచమంటే, బిగించినాయన చెన్నై నుంచి రావాలి, చార్జీలవుతాయి అంటున్నారు. ల్యాప్‌టాప్‌తో మార్చలేమా?

మార్చొచ్చు. నిజానికి ఈ ఒక్క పనికి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. కీప్యాడ్‌లో స్టార్, 8, ఇన్‌స్టాలర్ కోడ్ (బిగించినాయన సెట్టింగ్‌లు మార్చడానికి వాడే కోడ్) కొట్టి 005 సెక్షన్‌లోకి వెళ్లండి. పార్టిషన్ 01 (అలారంలో మొదటి విభాగం) ఎంచుకుంటే మొదట అడిగేది ఎంట్రీ డిలే, అంటే తలుపు తెరిచాక సైరన్ మోగేలోపు ఇచ్చే టైమ్. కంపెనీ నుంచి 030 సెకన్లతో వస్తుంది. 045 చేస్తే చాలు. 90, 120 అంటూ సాగదీయకండి, ఆ టైమంతా దొంగకి కూడా దొరుకుతుంది.

మిగతా మార్పులు కూడా చెన్నై నుంచే జరగాలంటే బోర్డుకి ఐపీ కమ్యూనికేటర్ (బోర్డుని ఇంటర్నెట్‌కి కలిపే పరికరం), ఆయన కంప్యూటర్‌లో డీఎస్‌సీ వాళ్ల డీఎల్‌ఎస్ సాఫ్ట్‌వేర్ కావాలి. (బాష్ ప్యానెల్‌కైతే ఆర్‌పీఎస్, టెక్సీకామ్‌కి వింటెక్స్, ప్యారడాక్స్‌కి బేబీవేర్. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు.) సాఫ్ట్‌వేర్‌లో బోర్డు మోడల్, వెర్షన్ సరిగ్గా అవే ఎంచుకోవాలి. ప్యానెల్‌లో 403 సెక్షన్‌లోని యాక్సెస్ కోడ్, 404లోని ప్యానెల్ ఐడీ సాఫ్ట్‌వేర్‌లో కొట్టినవాటితో కలవాలి. వీటిలో ఒక్క అంకె తేడా వచ్చినా లైన్ కలిసినట్టే కలిసి తెగిపోతుంది. చాలామంది నెట్ బాగాలేదనుకుని రూటర్ మారుస్తారు, తప్పు మాత్రం ఇక్కడ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ముందు ప్యానెల్‌లో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి చదివించి, తేదీ పేరుతో సేవ్ చేయాలి. ఆ తర్వాతే మార్పు. పంపేటప్పుడు కూడా మార్చిన సెక్షన్ ఒక్కటే పంపాలి. ఈ రంగంలో డౌన్‌లోడ్ అంటే కంప్యూటర్ నుంచి ప్యానెల్‌కి పంపడం, మనం ఫోన్‌లో వాడే అర్థానికి తలకిందులు. కొత్తగా తెరిచిన ఖాళీ ఫైల్‌ని పొరపాటున అలా పంపేస్తే ప్యానెల్‌లోని పాత సెట్టింగ్‌లన్నీ చెరిగిపోతాయి. మీలాంటి షాపులో ప్రమాదం ఎక్కడంటే, క్యాష్ కౌంటర్ కింద ఉండే పానిక్ బటన్ దగ్గర. అది 24 గంటల జోన్‌గా (అలారం ఆన్‌లో ఉన్నా లేకున్నా పనిచేసే లైన్‌గా) ఉన్నంతవరకు ఎప్పుడు నొక్కినా పనిచేస్తుంది. అలారం ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసే మామూలు జోన్‌గా మారిపోతే పగలు షాపు తెరిచి ఉన్నప్పుడు నొక్కినా సైరన్ కూయదు. ఆ సంగతి నొక్కాల్సి వచ్చిన రోజున గానీ బయటపడదు.

అందుకే రిమోట్‌గా ఏం మార్చినా, అయిపోగానే షాపులో ఒక మనిషి నిలబడి ప్రతి డోర్, ప్రతి సెన్సర్, పానిక్ బటన్ పరీక్షించాలి. మీ అలారంని దూరం నుంచి గమనించే మానిటరింగ్ కంపెనీ ఉంటే ముందే చెప్పి టెస్ట్‌లో పెట్టించండి, అప్పుడు దాన్ని నిజం అలారం అనుకోరు.

ఆయన ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి రాకుండా తాళం మీ దగ్గరే ఉంచుకోవచ్చు. స్టార్, 6, మాస్టర్ కోడ్ (యజమానిగా మీ దగ్గరుండే కోడ్), 5 నొక్కితే డీఎల్‌ఎస్‌కి 6 గంటల పాటు దారి తెరుచుకుంటుంది. పని ఉన్న రోజున మీరే తెరవండి. ఇన్‌స్టాలర్ కోడ్ ఇప్పటికీ 5555 ఉంటే ఈరోజే మార్పించండి, అది మాన్యువల్‌లోనే అచ్చయి ఉంది. కొత్త కోడ్, సేవ్ చేసిన ఫైల్ కాపీ రెండూ అడిగి తీసుకోండి. డబ్బు పెట్టింది మీరు, అవి మీకు రావాల్సినవే.

ప్రశ్న: ఒంగోలులో గోడౌన్. కరెంటు పోయిన అరగంటకి ప్యానెల్ ఆఫ్‌లైన్ అని యాప్ చూపిస్తుంది. బ్యాటరీ కొత్తదే.

ప్యానెల్ బతికే ఉంటుంది, పడిపోయింది మీ రూటర్. ప్యానెల్‌కి 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్ అవర్, అంటే 7,000 మిల్లీయాంపు గంటలు) బ్యాటరీ ఉంది, రూటర్‌కి ఏమీ లేదు లేదా చిన్న యూపీఎస్ ఉంది. లెక్క చూడండి: బోర్డు 110 మిల్లీయాంపులు, కీప్యాడ్ సుమారు 100, 8 మోషన్ సెన్సర్లు కలిపి 120, కమ్యూనికేటర్ 100. మొత్తం 430. కాగితం మీద 16 గంటలు, వాడకంలో 12 అనుకోండి. రూటర్, ఫైబర్ బాక్స్ రెండిటికీ అన్ని గంటలు ఆగే డీసీ యూపీఎస్ పెడితేనే ఆ బ్యాటరీకి విలువ. తుఫాను రోజుల్లో మన తీరంలో కరెంటు ఎంతసేపు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో మాట: లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేకుల షెడ్డు గోడకి బిగించిన ప్యానెల్‌లో ఐదేళ్లు వస్తుందనుకోవద్దు, మూడేళ్లకే మార్చేయండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ. 4జీ రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని ప్యానెల్‌కి పంపే సెట్టింగ్) పెట్టినా ఇంటి నుంచి ప్యానెల్ కనెక్ట్ కావడం లేదు.

రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చిన చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య గానీ, 10తో గానీ మొదలైతే మీ సిమ్‌కి సొంత పబ్లిక్ చిరునామా లేదు, వేలమందికి కలిపి ఒకటే. బయటి నుంచి పిలుపు మీ రూటర్ దాకా రానే రాదు, ఎన్ని పోర్టులు తెరిచినా అంతే. ప్యానెలే బయటకి పిలిచే పద్ధతి పెట్టుకోండి: ప్యానెల్ కంపెనీ క్లౌడ్, లేదా వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మీకు మాత్రమే ఉండే రహస్య దారి) ఉన్న రూటర్. స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ చిరునామా) కొన్నా సరే, ప్యానెల్ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి వదలకండి. రాత్రీపగలూ తెరిచిన పోర్టుల కోసం వెతికే ప్రోగ్రాములు బోలెడు తిరుగుతుంటాయి.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత గోడౌన్‌లో జీఎస్‌ఎం డయలర్ (అలారం మోగితే సిమ్ ద్వారా మాకు ఫోన్ చేసే పరికరం) ఉంది. జియో సిమ్ వేశాక కాల్స్ రావడం లేదు.

మీ డయలర్ 2జీది అయ్యుంటుంది. జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ కూడా 4జీ మీదే వెళ్లాలి. మీ దగ్గర సిగ్నల్ బాగుంటే ప్రస్తుతానికి 2జీ ఉన్న ఎయిర్‌టెల్ సిమ్ వేయండి. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద 4జీ అని ఉంటే సరిపోదు, వోల్టే (4జీ మీదే వెళ్లే) కాల్స్ చేస్తుందా అని అడగండి. డేటాకి మాత్రమే 4జీ వాడి, కాల్స్‌కి 2జీకి దిగిపోయే డయలర్లు బజార్లో ఇంకా ఉన్నాయి.