బాగుందని మాత్ర మానేశాను, మళ్లీ మొదటికొచ్చానా?

ప్రశ్న: నా వయసు 34. కరీంనగర్‌లో టీచర్‌ని. డిప్రెషన్‌కు డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. రాశారు. నాలుగు నెలలు వాడాను. బాగానే ఉన్నానని పది రోజుల కిందట నేనే ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిరుగుతోంది, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు ఝుమ్మంటోంది, చిన్న మాటకే ఏడుపొస్తోంది. ‘మందుకు బానిసవయ్యావు’ అంటారు మావారు. ‘ఇంక ముట్టుకోకు’ అంటారు అత్తమ్మ. జబ్బు తిరగబెట్టిందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది జబ్బు తిరగబెట్టడం కన్నా, మందు ఒక్కసారిగా ఆపినందుకు శరీరం చేస్తున్న గొడవలాగే ఉంది. ఈ రెంటికీ తేడా వచ్చే తీరులో ఉంటుంది. ఆపడం వల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా రెండు నాలుగు రోజుల్లోనే మొదలవుతుంది. తల తిరగడం, ఆ షాకులు, వికారం, చిరాకు ఎక్కువ. జబ్బు తిరగబెట్టేది వారాల మీద, మెల్లగా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ‘అంతా నా తప్పే’ అనే పాత ఆలోచన మళ్లీ వస్తాయి. రెండూ కలిసి కూడా రావచ్చు కాబట్టి ఈ వారమే డాక్టర్‌కు చూపించండి. మిగిలిన స్ట్రిప్పు మీ అంతట మీరే మొదలుపెట్టొద్దు, పోయిన రోజులకు కలిపి రెండేసి అసలే వేసుకోవద్దు. ఏ తేదీన ఆపారో, ఏది ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకెళ్లండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూపించి ఉండకపోతే అదీ అడగండి. ఈ మూడింటిలో ఏది తేడా చేసినా మనిషి నీరసపడిపోతుంది.

మీవారికి ఒక మాట చెప్పండి. బానిసైన మనిషికి రోజురోజుకీ డోసు పెంచాలనిపిస్తుంది, దానికోసం తహతహలాడుతుంది. మీలో అది లేదు. మెదడు అలవాటుపడ్డ మందును ఒక్కసారిగా లాగేశారు, అంతే.

ఇంతకీ చాలామంది పొరబడేది ఎక్కడంటే, కోలుకోవడం ఒక వరసలో జరుగుతుంది. ముందు నిద్ర, ఆకలి గాడిన పడతాయి. తర్వాత పని చేయగలుగుతారు. ఇష్టంగా చేయడం, ఏకాగ్రత, తనమీద తనకు నమ్మకం చివరికి తిరిగొస్తాయి. మొదటి రెండూ రాగానే ‘తగ్గిపోయింది’ అనుకుని మందు ఆపేస్తారు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కైనా లక్షణాలు పూర్తిగా పోయాక కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. ఇంతకుముందు వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ కాలం.

మధ్యలో చెడ్డ రోజులు వస్తాయి. నెలసరి ముందు, నిద్ర చెడిన మర్నాడు మరీను. అందుకే రోజుకు మూడే మూడు రాసుకోండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, మనసుకు పదికి ఎన్ని మార్కులు, చేసిన ఒక్క పని. చూడాల్సింది వారం మొత్తాన్ని. రెండు వారాలు వరసగా మార్కులు పడిపోతుంటే అపాయింట్‌మెంట్ ముందుకు జరపండి. ‘ధైర్యంగా ఉండు’ అనడం కన్నా ‘పద, వీధి చివరిదాకా నడిచొద్దాం’ అని మీవారు పక్కన నడిస్తే మేలు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రాయడం కాదు, వెంటనే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మందు మానే రోజూ వస్తుంది. అప్పుడు డాక్టర్ చెప్పిన లెక్కన వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆ వారాల్లో పేపర్లు దిద్దే పని, ఇంట్లో పెళ్లి లేకుండా ముందే చూసుకోండి.